ర్యాన్ రక్షణ: కొన్ని ఆడిట్ అభ్యంతరాలు

ముప్పై ఏళ్లు ఆడిట్ ఆఫీసులో ఫైళ్లు తిరగేసినవాడికి సినిమాలోనూ వోచర్లే కనిపిస్తాయి. 1998లో స్పీల్‌బర్గ్ తీసిన ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ మొన్న మళ్లీ చూశాను. ఒమాహా బీచ్‌లో అమెరికా సైనికులు తీరానికి దిగే దృశ్యానికి లోకమంతా చలించిపోయింది. నేను మాత్రం శాంక్షన్ ఆర్డరు, అంటే పనికి అనుమతిచ్చే కాగితం, దగ్గరే ఆగిపోయాను.

కేసు ఇది. 1944 జూన్, రెండో ప్రపంచ యుద్ధం. ర్యాన్ అన్నదమ్ములు నలుగురిలో ముగ్గురు పోయారు. ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఎక్కడో ఉన్న నాలుగోవాణ్ని తల్లికి అప్పగించాలి. అందుకు ఆధారంగా అమెరికా సైన్యాధిపతి జనరల్ మార్షల్ చదివింది, అమెరికా అంతర్యుద్ధంలో ఐదుగురు కొడుకులను పోగొట్టుకున్న తల్లికి లింకన్ పేరుతో వెళ్లిన ఉత్తరం. తర్వాత రికార్డులు తీస్తే ఆ ఐదుగురిలో ఒకడు నిక్షేపంగా డిశ్చార్జి తీసుకుని వచ్చేశాడు! అంటే, జతపరిచిన కాగితమే తప్పు.

ఒక్కడి కోసం ఎనిమిది మంది ఏ రూలు కింద వెళ్లారో తెలియదు. పోనీ, మనిషినైనా సరిచూసుకున్నారా? దొరికిన మొదటి ర్యాన్‌కే మీవాళ్లు చనిపోయారని చెప్పేశారు. అతను గొల్లుమన్నాడు. తీరా చూస్తే వేరే ర్యాన్. అతని తమ్ముళ్లింకా బడికెళ్లే పిల్లలు. ఇంటిపేర్లు కలిసి ఒకరి పింఛను ఇంకొకరికి వెళ్లడం చూశాను గానీ, చావు కబురు వెళ్లడం ఇదే చూడటం.

అసలువాడు దొరికాక వంతెన వదిలి రానన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని వీళ్లు వెనక్కి రావలసింది. ఆగారు. ఎనిమిది మందిలో ఆరుగురు, జట్టు నాయకుడు కెప్టెన్ మిల్లర్‌తో సహా, పోయారు.

మిల్లర్ అంటే మాత్రం నాకు గౌరవం. ఊళ్లో ఇంగ్లిషు మాస్టారు, ఇక్కడ లెక్క రాసే మనిషి. తన కింద పోయినవాళ్లు 94 మంది. అంతకు పదింతలో ఇరవై ఇంతలో మిగిలారు గనక పద్దు సరిపోయిందని తనకు తనే చెప్పుకుంటాడు. చెయ్యి వణుకుతూనే ఉంటుంది. జమవైపు ఒక్క పేరూ లేదు, ఖర్చువైపు అన్నీ పేర్లే. ఆ లెడ్జరు మీద నేనైతే సంతకం పెట్టలేను.

ఈ కథకు మూలం అమెరికా సైన్యంలో ఉన్న నిలాండ్ సోదరులు. నిజంలో ఫ్రిట్జ్ నిలాండ్‌ను వెనక్కి పంపే పని చూసింది ఫాదర్ శాంప్సన్ అనే సైన్యపు పాదిరీ. పటాలం లేదు, వంతెన లేదు. చనిపోయాడనుకున్న అన్న ఎడ్వర్డ్ కూడా 1945లో జపాను చెర నుంచి బతికి వచ్చాడు. ఇంత చక్కటి ఫైలు సినిమాగా తీస్తే టికెట్టు ఎవరు కొంటారు?

చివరిది యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే ఇచ్చినదాన్ని సరిగ్గా వాడారన్న ధ్రువపత్రం. ఈ ర్యాన్ ఇంటికెళ్లి ఏ రోగానికో మందు కనిపెట్టాలనీ, ఎక్కువ కాలం వెలిగే బల్బైనా తయారుచేయాలనీ మిల్లర్ ముందే అన్నాడు. ముసలివాడైన ర్యాన్, మిల్లర్ సమాధి దగ్గర నిలబడి నేను మంచివాడినేనా అని భార్యను అడిగాడు. ఆవిడ అవునంది. బల్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇంటివాళ్ల సంతకం ఆడిట్‌లో చెల్లదు.

అయినా ఎందుకైనా మంచిదని నేనూ మా ఆవిడను అడిగాను. ఫైలు ఇంకా పెండింగ్‌లోనే ఉంది.