టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ టెస్టు నార్మల్ వచ్చిందని వదిలేయకండి

మా పిన్ని ఎమ్మారై రిపోర్టులో అన్నిటికంటే కింద "పార్షియల్ ఎంప్టీ సెల్లా" అని ఒక్క లైన్ ఉంది. తలనొప్పి, విపరీతమైన నీరసం అని తీయించిన స్కానింగ్ అది. ఆ లైన్ చూసి డాక్టరు గారు "ఇది చాలామందికి ఉంటుందమ్మా, కంగారు పడక్కర్లేదు" అని పంపించేశారు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఏదో ఒక స్థాయిలో ఎంప్టీ సెల్లా నూటికి 8 నుంచి 35 మంది దాకా ఉంటుందని లెక్కలున్నాయి, వాళ్ళలో చాలామందికి జీవితమంతా ఏ ఇబ్బందీ రాదు. కానీ ఎవరికి ఇబ్బంది లేదో, ఎవరికి ఉందో స్కానింగ్ ఫిల్మ్ చూసి చెప్పలేం, దానికి రక్తంలో హార్మోన్ల పరీక్ష చేయాలి, నా బాధంతా అక్కడే.

పుర్రె అడుగు ఎముకలో గుర్రం జీను లాంటి చిన్న గుంట ఉంటుంది, లాటిన్‌లో సెల్లా అంటే జీనే. బఠాణీ గింజంత, అర గ్రాము బరువుండే పీయూష గ్రంథి (పిట్యూటరీ), అంటే ఒంట్లో మిగతా హార్మోన్ గ్రంథుల్లో చాలావాటిని నడిపించేది, అందులో కూర్చుని ఉంటుంది. దాని మీద పల్చటి పొర, ఆ పొర పైన మెదడు నీరు, అదే డాక్టర్లు సీఎస్ఎఫ్ అనేది. పెద్దవాళ్ళలో ఎప్పుడు చూసినా 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది, కానీ రోజుకి దాదాపు అర లీటరు తయారవుతుంది, అంటే రోజులో మూడు నాలుగు సార్లు పాత నీరు పోయి కొత్త నీరు వస్తూ ఉంటుందన్నమాట. పొర బలహీనంగా ఉన్నా, నీటి ప్రెషర్ పెరిగినా ఆ నీరు గుంటలోకి దిగి గ్రంథిని అడుక్కి అణిచేస్తుంది. అప్పుడు గుంట ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ అందులో ఉన్నదంతా నీరే. 1951లో బుష్ అనే ఆయన 788 శవపరీక్షల్లో దీన్ని చూసి రాశాడు.

ఇంకో దారి కూడా ఉంది, మన ఆడవాళ్ళ విషయంలో అదే ఎక్కువ పట్టించుకోవాల్సింది అని నేననుకుంటా. గర్భంతో ఉన్నప్పుడు పీయూష గ్రంథి సైజు పెరుగుతుంది, కాన్పులో రక్తం బాగా పోయి బీపీ పడిపోతే దానికి రక్తం అందక చచ్చుబడిపోవచ్చు, కుంచించుకుపోయిన చోటుని మెల్లగా మెదడు నీరు నింపేస్తుంది. 1937లో షీహాన్ అనే డాక్టరు దీన్ని వివరంగా రాశాడు, ఆయన పేరే దీనికి స్థిరపడింది. కాశ్మీర్ లోయలో చేసిన సర్వే 2005లో వచ్చింది, అందులో 20 ఏళ్ళు దాటిన, కాన్పులైన ఆడవాళ్ళలో సుమారు 3 శాతం మందికి ఇది ఉండొచ్చని అంచనా వేశారు, వాళ్ళలో మూడింట రెండొంతుల మంది దాకా ఇంట్లోనే కన్నవాళ్ళు.

మా పిన్ని రెండో కాన్పు కూడా ఊళ్ళో ఇంట్లోనే అయింది. మంచం కింద పెట్టిన బకెట్టు నిండిందని మా అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది. తర్వాత పాలు పడలేదు. దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు, బిడ్డకి గేదె పాలలో నీళ్ళు కలిపి పట్టారు. నెలసరి మళ్ళీ రానేలేదు, పిల్లలు చాలు కదా, పోతే పోయింది అన్నారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చలి తట్టుకోలేకపోవడం, కనుబొమ్మలు పల్చబడటం, కూర్చుని లేస్తే కళ్ళు తిరగడం, ఏ ఆస్పత్రికెళ్ళినా థైరాయిడ్ టెస్టు రాశారు, ఎప్పుడు చేసినా టీఎస్‌హెచ్ నార్మలే. బద్ధకం అని ఇంట్లో వాళ్ళు కూడా అన్నారు, వాళ్ళలో నేనూ ఉన్నాను, అది తల్చుకుంటే ఇప్పటికీ మనసు బాగోదు.

టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్‌కి పీయూష గ్రంథి పంపే ఆర్డరు. థైరాయిడ్ పాడైతే పై నుంచి ఆర్డర్లు ఎక్కువ వస్తాయి, అందుకే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, మామూలుగా మనం పట్టుకునే జబ్బు అదే. ఆర్డరు పంపేదే పాడైతే ఆ నంబర్ తక్కువగానో, చాలాసార్లు నార్మల్‌గానో కనిపిస్తుంది, థైరాయిడ్ మాత్రం పడుకుని ఉంటుంది. థైరాయిడ్ తయారుచేసే హార్మోన్‌నే కొలిచే ఫ్రీ టీ4 టెస్టు చేస్తేనే బయటపడుతుంది. దాంతోపాటు పొద్దున్న 8 గంటల ప్రాంతంలో కార్టిజాల్ కూడా చూడాలి, జబ్బుని, ఒత్తిడిని తట్టుకోవడానికి ఒంటికి కావాల్సిన హార్మోన్ అది, దానికీ ఆర్డరు పీయూష గ్రంథి నుంచే వెళ్ళాలి. ఇది వదిలేసి ముందు థైరాయిడ్ మాత్ర మొదలెడితే ఉన్న కాస్త కార్టిజాల్ కూడా ఇంకా త్వరగా ఖర్చయిపోయి ప్రాణం మీదికి రావొచ్చు, అందుకే కార్టిజాల్ తక్కువుంటే ముందు ఆ లోటు తీర్చే స్టెరాయిడ్ ఇచ్చి ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇస్తారు.

2018లో జర్మనీ వాళ్ళు పాత స్టడీలన్నీ కలిపి చూస్తే, ఎంప్టీ సెల్లా ఉండి హార్మోన్ టెస్టులు చేసినవాళ్ళలో 52 శాతం మందికి ఏదో ఒక హార్మోన్ లోపం కనిపించింది. ఇదంతా ఏదో సమస్యతో ఆస్పత్రికి వచ్చినవాళ్ళ లెక్క, మామూలు జనానికి వర్తించదు, నిజమే. కానీ రిపోర్టు పట్టుకుని డాక్టరు ముందు కూర్చున్న మనిషి కూడా ఏదో సమస్యతో వచ్చినవాళ్ళే కదా.

నీరు హార్మోన్లని దెబ్బతీసినట్టే హార్మోన్లు నీటి మీద పని చేస్తాయని కూడా ఇప్పుడు తెలుస్తోంది. లావుగా ఉన్న వయసు ఆడవాళ్ళలో కారణం దొరకకుండా మెదడు నీటి ప్రెషర్ పెరిగి తలనొప్పి, చూపు మసకబారడం వచ్చే జబ్బు ఒకటుంది, పట్టించుకోకపోతే చూపే పోవచ్చు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ టీం 2019లో వీళ్ళ రక్తంలో, మెదడు నీటిలో కూడా టెస్టోస్టిరాన్ ఎక్కువుందని చూపించింది. అదే టీం 2023లో ఎక్సెనటైడ్ అనే షుగర్ ఇంజెక్షన్‌తో ఈ ప్రెషర్ తగ్గిందని చెప్పింది, రెండున్నర గంటల్లోనే తేడా కనిపించింది. 15 మంది మీద చేసిన ట్రయల్ అది, ఇప్పుడే మందు దొరికిందని అనలేం, కానీ వెతకాల్సిన దిక్కు తెలిసింది.

పిల్లల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. తలలో నీరు చేరిన పిల్లలకి షంట్, అంటే ఆ నీటిని బయటికి మళ్ళించే సన్న గొట్టం, వేస్తారు, ఆ షంట్ పని చేస్తోందా లేదా అనేదే ప్రతి విజిట్‌లో చూస్తారు. ఉత్తరప్రదేశ్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ అప్పట్లో 35 డాలర్లు, దాన్ని 650 డాలర్ల విదేశీ షంట్‌తో ఉగాండాలో పోల్చి చూస్తే ఏడాదికి తేడా ఏమీ లేదని 2005లో తేలింది, అంటే షంట్ సంగతి మనం చవగ్గానే సాధించాం. కానీ మెదడులో నీరుండే గదుల్లో మూడోది నీటితో ఉబ్బుతుంది, దాని నేల, గోడల కింది భాగం హైపోథాలమస్ అనే మెదడు భాగమే, పీయూష గ్రంథిని నడిపించేది అదే. అందుకే ఈ పిల్లల్లో కొంతమంది ఆడపిల్లలు ఏడెనిమిదేళ్ళకే పెద్దమనిషి అయ్యే లక్షణాలు చూపిస్తారు, కొంతమంది ఎత్తు పెరగడం ఆగిపోతుంది. ఆరు నెలలకోసారి గోడ దగ్గర నిలబెట్టి ఎత్తు కొలిచి రాస్తే తెలిసిపోయే విషయం ఇది, న్యూరో ఓపీలో ఆ పని ఎవరిదీ కాదు.

పిన్నికి చివరికి వేరే ఊళ్ళో ఒక ఎండోక్రైన్ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "కాన్పయ్యాక పాలు పడ్డాయా అమ్మా" అని. అప్పటికి 24 ఏళ్ళయింది. కార్టిజాల్ దాదాపు లేదు. స్టెరాయిడ్ మాత్ర మొదలెట్టిన నాలుగో రోజు పొద్దున్నే లేచి తనే కళ్ళాపి చల్లిందని మా బాబాయి ఫోన్ చేసి ఏడ్చాడు. ఇప్పుడు ఆమె పర్సులో ఆధార్ కార్డు వెనకాల డాక్టరమ్మ తెలుగులో రాసిచ్చిన చీటీ ఉంటుంది: "స్టెరాయిడ్ ఆపకూడదు, జ్వరం వస్తే డోసు రెట్టింపు, వాంతులైతే వెంటనే ఇంజెక్షన్."