రెండు డిస్కులుంటే రెండు కాపీలున్నట్టు కాదు సామీ

పాటల కోసం నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) కొనాలనుకునేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. మన తిరుపతిలో పాటల పిచ్చోళ్ళకి కొదవ లేదు కదా. బీరువా నిండా సీడీలున్నవాళ్ళు, నాన్నగారి క్యాసెట్లు అటక మీద బూజు పట్టిపోతున్నవాళ్ళు, పాత హార్డ్ డిస్కులో ఏముందో తమకే తెలియనివాళ్ళు, అందరూ అడుగుతారు. ప్రాసెసర్ ఏది మంచిది, ర్యామ్ ఎంతుండాలి, రెండు డిస్కులదా నాలుగు డిస్కులదా? ఆ పెట్టె పోయిన రోజు పాటలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి అని అడిగినవాడు మాత్రం ఇంతవరకూ నాకు తగల్లేదు. ఒళ్ళు మండి రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, ఓపికుంటే చదవండి.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే షాపులో మిమ్మల్ని ముంచేది ఇక్కడే. సీడీ అంటే సెకనుకి 44,100 శాంపిళ్ళు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానళ్ళు. గుణిస్తే సెకనుకి 1,411 కిలోబిట్లు. గంట పాటకి 635 ఎంబీ. నాణ్యత పిసరంత కూడా పోకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌లోకి మారిస్తే అందులో సగానికి కాస్త అటూ ఇటూ అవుతుంది. అంటే వెయ్యి ఆల్బములున్న మహానుభావుడికి కూడా 400 జీబీ లోపే. నాలుగు టీబీ డిస్కు పెడితే మనవళ్ళ కాలానికి కూడా నిండదు. ఇక స్ట్రీమింగ్ సంగతి. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైలుని అసలు కుదించకుండా పంపినా సెకనుకి 9.2 మెగాబిట్లు. పాతకాలం 100 మెగాబిట్ పోర్టులో పదో వంతు కూడా కాదు. పాటలు మోయడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. యూట్యూబులో సమీక్షలు చేసేవాళ్ళు 4కే సినిమాలు నాలుగు టీవీలకి ఒకేసారి పంపేవాళ్ళ కోసం మాట్లాడతారు. వాళ్ళ అవసరాలకి మీ జేబులోంచి డబ్బు పెట్టడం దేనికి?

ఇక అసలు గొడవ, రెయిడ్, అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడటం. అందులో మిర్రర్ అంటే ఒక డిస్కులో రాసిందే రెండోదాంట్లోనూ రాయడం. "రెండు డిస్కులు పెట్టి మిర్రర్ చేశా, ఇంక భయం లేదు" అంటారు. ఇంటి తాళం చెవులు రెండూ ఒకే గుత్తికి వేసి, ఆ గుత్తి జేబులో పెట్టుకుని తిరిగినట్టుంటుంది ఆ ధైర్యం. మిర్రర్ కాపాడేది ఒకే ఒక్క ప్రమాదం నుంచి, ఒక డిస్కు చెడిపోవడం నుంచి. మీరు పొరపాటున చెరిపేస్తే రెండిట్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. వైరస్ తగిలినా, దొంగ ఎత్తుకుపోయినా, పిడుగు పడినా రెండూ కలిసే పోతాయి.

మా అక్కావాళ్ళది చిత్తూరు. బావావాళ్ళ నాన్న ఎనభైల్లో వాళ్ళూరి భారతం మిట్ట దగ్గర టేప్ రికార్డర్ పెట్టుకుని హరికథలు, రాత్రిపూట వీధినాటకాలు రికార్డు చేశాడు. మన ఉమ్మడి జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు, ఎండాకాలం ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల భారతం ఎట్లా జరుగుతుందో. ఆ టేపుల్లో హరిదాసు గొంతుతో పాటు పసిపిల్లల ఏడుపు ఉంటుంది, "ఒరే, పెట్రోమాక్సు లైటుకి గాలి కొట్టండ్రా" అని ఎవరో అరవడం ఉంటుంది, హార్మోనియం తిత్తి ఊపిరి కూడా వినిపిస్తుంది. బావ కూర్చుని అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి రెండు డిస్కుల నాస్‌లో పెట్టాడు. ఇంకో కాపీ ఏదని అడిగితే, "రెండిట్లోనూ ఉండాది కదబ్బా, ఏం గాదు" అన్నాడు. ఒకరోజు వాళ్ళబ్బాయి ఫోన్‌లో జాగా లేదని పాత ఫోల్డర్లు చెరిపేస్తూ, అది ఫోన్‌లోదో నాస్‌లోదో చూసుకోకుండా తాత ఫోల్డరు మీద వేలు నొక్కిపెట్టాడు. రీసైకిల్ బిన్ ఆన్ చేసి లేదు. మిర్రర్ తన పని తాను చక్కగా చేసింది, రెండు డిస్కుల్లోనూ తుడిచేసింది. క్యాసెట్లు పారేయలేదు కాబట్టి సరిపోయింది. కానీ రెండోసారి తీసేటప్పటికి కొన్నిట్లో టేపు చుట్టలకి చుట్టలే అతుక్కుపోయి ఉంది. అవి ఇంక రావు.

అందుకే నేను గట్టిగా చెప్తా, తిట్టుకున్నా ఫర్వాలేదు. ఇంట్లో పాటలకి రెయిడ్ అక్కర్లేదు. రెయిడ్ అనేది గంటసేపు పని ఆగితే నష్టపోయే ఆఫీసులకి. మన ఇంట్లో ఒక రోజు పాట ఆగితే కొంపలేం మునగవు. ఆ రెండో డిస్కు డబ్బులతో ఒక యూఎస్‌బీ డిస్కు కొని, రోజూ రాత్రి దానికి కాపీ వెళ్ళేలా పెట్టుకోండి. చెరిగిపోయినవి వెంటనే అక్కడా చెరిగిపోకుండా కొన్ని వారాల పాత వెర్షన్లు ఉంచే సెట్టింగు పెట్టుకోండి. పెట్టెకి ఎక్కువ డబ్బు పెట్టి తీరాలనుంటే, వేగం కోసం కాదు, బీటీఆర్ఎఫ్ఎస్ స్నాప్‌షాట్లు (ఫైళ్ళ అప్పటప్పటి రూపాన్ని దాచిపెట్టే సౌకర్యం) ఉన్నదాని కోసం పెట్టండి. పిల్లోడు చెరిపినా నిన్నటి రూపం వెనక్కొస్తుంది. ఇంకో మాట, ఆ యూఎస్‌బీ డిస్కులోకి మామూలు ఫైళ్ళుగానే కాపీ చేయండి. కొన్ని నాస్‌ల బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు తమ సొంత ఫార్మాట్‌లో మూట కడతాయి. పెట్టె పోయాక ఆ మూట విప్పాలంటే మళ్ళీ ఆ కంపెనీ సరుకే కావాలి. డిస్కు తీసి ఏ ల్యాప్‌టాప్‌కి పెట్టినా పాట మోగాలి, అంతే.

ఊళ్ళో ఉన్నా లేకున్నా ఇంట్లో పాటలు వినాలని నాస్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టేవాళ్ళకి ఒక జ్ఞాపకం. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ పెట్టెలున్న ఎంతోమంది పొద్దున లేచి చూస్తే డిస్కు ఖాళీ. ఎవరో దూరం నుంచి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశారు. ఆ మోడల్‌కి కంపెనీ 2015 తర్వాత అప్‌డేట్లే ఇవ్వలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెల్లో ఫైళ్ళని క్యూలాకర్ అనే దొంగ ప్రోగ్రాము పాస్‌వర్డు పెట్టి కట్టేసి డబ్బులడిగింది. పోర్ట్ ఫార్వర్డింగ్ (రౌటర్‌లో బయటి నుంచి నాస్‌కి దారి తెరవడం) జోలికే పోకండి. మీ పరికరాలకి మాత్రమే సొంత దారి వేసే టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకుంటే చాలు. మన లోకల్ ఇంటర్నెట్‌వాళ్ళు చాలామంది ఒకే పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) వెనక వీధంతటినీ దాచిపెడతారు కాబట్టి మీరు తెరవాలన్నా తెరుచుకోదు, అది వేరే సంగతి. ఎప్పుడూ తగిలించి ఉండే యూఎస్‌బీ డిస్కుని కూడా ఇలాంటి దొంగలు వదలరు. కాబట్టి మూడో కాపీ కావాలి, తీగలన్నీ పీకేసి, ఇంకో ఇంట్లో.

ఇంకో ఇంట్లో అనగానే నవ్వుతారు. 2021 నవంబరు 18న మన ఊళ్ళో కురిసిన వాన మర్చిపోయారా? వీధులు ఏరులై పారాయి, పల్లపు కాలనీల్లో కింది పోర్షన్లలోకి నీళ్ళొచ్చాయి. టీవీ స్టాండు కింది అరలో నాస్, దాని పక్కనే బ్యాకప్ డిస్కు పెట్టుకున్నవాడికి రెండు కాపీలున్నా ఒకటే, పది ఉన్నా ఒకటే.

మనూరి వాళ్ళం ఈ విషయంలో అందరికంటే ముందు తెలివి తెచ్చుకోవాల్సింది. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చేశాడని చెబుతారు. రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో సంకీర్తన భండారంలో భద్రం చేసినా, మనకి దక్కినవి సుమారు 14 వేలు. రాగి మీద చెక్కినవాటికే ఆ గతి పడితే అయస్కాంతం పూత పూసిన పళ్ళెం మీద మీకంత నమ్మకం ఏంటి? ఆ రేకుల్లో ఇంకో విశేషం ఉంది. పాట పైన రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. ఆ రోజుల్లో ఏ బాణీలో పాడారో పోయింది, ఈ రోజు మనం వినే వరుసలు చాలావరకు తర్వాతివాళ్ళు కట్టినవే. మన హార్డ్ డిస్కుల్లో ఇది తిరగబడింది. గొంతు ఉంటుంది, వివరం ఉండదు. ఏ ఫోల్డరు తెరిచినా "ట్రాక్ 01", "ట్రాక్ 02", "అన్‌నోన్ ఆర్టిస్ట్".

ట్యాగుల (ఫైలులోనే రాసిపెట్టే పాట, గాయకుడి వివరాల) దగ్గరే తలప్రాణం తోకకొస్తుంది, ఎవ్వరూ ముందు చెప్పరు. నాస్‌లోంచి పాటలు వినిపించే ఈ సర్వర్ సాఫ్ట్‌వేర్లన్నీ, నావిడ్రోమ్ కానీ జెల్లీఫిన్ కానీ లిరియన్ కానీ, పడమటి పాటల లెక్కలో కట్టినవి. ఒక ఆల్బము, ఒక గాయకుడు. మన సినిమా ఆల్బములో ఆరు పాటలుంటే ఆరుగురు పాడతారు. "ఆల్బమ్ ఆర్టిస్ట్" గడి ఖాళీగా వదిలారా, ఒక్క సినిమా ఆరు ముక్కలై ఆరు చోట్ల తేలుతుంది. ఆ గడిలో సంగీత దర్శకుడి పేరు పెట్టండి, ముక్కలన్నీ ఒకచోటికి చేరతాయి. బాలు గారు "ఎస్పీ బాలు"గా ఒకడు, "ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం"గా ఒకడు, చుక్కలు లేకుండా ఇంకొకడు. సర్వర్ దృష్టిలో ముగ్గురు వేరే మనుషులు. కచేరీలైతే ఇంకా ఘోరం. పాడింది ఒకరు, రాసింది త్యాగరాజు, రాగం ఎక్కడ పెట్టాలి, తాళం ఎక్కడ పెట్టాలి? మినిమ్‌సర్వర్ అనే ఇంకో సర్వర్‌లో రాగం, తాళం అని సొంత ట్యాగులు పెట్టుకుని వాటితో వెతకొచ్చు. కల్యాణి నొక్కితే ఇంట్లో ఉన్న కల్యాణులన్నీ ఒకచోట కనబడతాయి. ఆ సుఖం ఒకసారి మరిగితే ఏ స్ట్రీమింగ్ యాప్ కూడా రుచించదు. ట్యాగులు వేయడానికి ఎంపీత్రీట్యాగ్ అనే ప్రోగ్రాము చాలు. పాటని తామే గుర్తుపట్టి ట్యాగులేసే పికార్డ్ లాంటివి మన చిన్న కంపెనీల క్యాసెట్లని గుర్తుపట్టలేవు, చేత్తో కొట్టుకోవాల్సిందే.

ఆలాపన, కీర్తన, తని ఆవర్తనం వేరే ట్రాకులుగా ఉన్న కచేరీని ఒకసారి మోగించి చూడండి. కొన్ని డీఎల్‌ఎన్‌ఏ స్పీకర్లు (నెట్‌వర్క్ మీద నాస్ నుంచి నేరుగా పాట తీసుకునేవి) ట్రాకుకీ ట్రాకుకీ మధ్య అర సెకను మింగేస్తాయి. మృదంగం మంచి ఊపులో ఉండగా గుటుక్కుమని ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఖాళీ లేకుండా ఆడుతుందా లేదా అని స్పీకర్ కొనకముందే ఇంట్లో ఉన్న ఫైలు పట్టుకెళ్ళి విని చూసుకోండి.

పాటల పేర్లు తెలుగులోనే పెట్టుకునేవాళ్ళకి ఒక తిరకాసు. చాలా నాస్‌లు నడిచే లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి చిన్న గుర్తుకీ మూడు. "లక్ష్మీ" అంటే మనకి రెండక్షరాలు, యంత్రానికి ఏడు గుర్తులు, 21 బైట్లు. సైనాలజీ కంపెనీ నాస్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళం వేసి దాచిన) ఫోల్డరైతే హద్దు ఇంకా చిన్నది, 143. పల్లవి మొత్తం పేరుగా పెట్టాలని సరదాపడ్డారో, కాపీ మధ్యలో ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో సరిగా చెప్పదు కూడా. పేరు పొట్టిగా పెట్టి, పల్లవంతా ట్యాగులో రాసుకోండి.

డిస్కుల గురించి ఎక్కువ చెప్పను. సీఎంఆర్ రకం (గీతలు ఒకదాని మీదికొకటి ఎక్కకుండా రాసేది) తీసుకోండి. 2020లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ళ డబ్ల్యూడీ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ (గీతలు ఒకదాని మీదికొకటి ఎక్కించి రాసే, తిరగరాయడంలో నెమ్మదించే రకం) అని బయటపడి పెద్ద గొడవైంది, ఆ తర్వాతే సీఎంఆర్‌వాటికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. ఏ కంపెనీనీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 2025లో సైనాలజీ కొత్త ప్లస్ మోడళ్ళలో వేరేవాళ్ళ డిస్కులకి అడ్డం పెట్టి, జనం తిట్టాక అక్టోబరులో వెనక్కి తగ్గింది.

కరెంటు సంగతి మనకి కొత్తేం కాదు. మన ఇళ్ళలో ఇన్వర్టర్ లైను లైట్లకీ ఫ్యాన్లకీ ఉంటుంది, టీవీ దగ్గర ప్లగ్గుకి ఉండదు. నాస్ ఉండేది సరిగ్గా అక్కడే. చిన్న యూపీఎస్ పెట్టి, దాని యూఎస్‌బీ తీగ నాస్‌కి గుచ్చండి, కరెంటు పోతే తనంతట తానే మర్యాదగా ఆగుతుంది. ఆ తీగ గుచ్చకుండా యూపీఎస్‌ని వట్టి ప్లగ్గుబోర్డులా వాడేవాళ్ళు నాకు తెలిసి బోలెడుమంది. అలాగే నాస్‌ని టీవీ వెనక మూసేసిన అరలో తోయకండి. మే నెల తిరుపతి ఎండకి అది తట్టుకోదు.

నాస్‌కి "ఆడియోఫైల్" లాన్ కేబుల్ కొంటే గొంతు స్పష్టంగా వినిపిస్తుందని చెప్పే పెద్దమనుషులకో దండం. ఫైలులో ఒక బిట్టు దారిలో చెడిపోతే యంత్రం గుర్తుపట్టి మళ్ళీ తెప్పించుకుంటుంది. ఆ డబ్బులతో ఇంకో డిస్కు వస్తుంది. ఫైలు చెక్కుచెదరకుండా ఉందా అని నిజంగా అనుమానముంటే ఫ్లాక్‌లోనే మందు ఉంది. ప్రతి ఫైలులోనూ అసలు ధ్వని తాలూకు ఎండీ5 గుర్తు (ధ్వని కాస్త మారినా సరిపోలని అంకె) ఉంటుంది, పరీక్ష నడిపితే చెడినది బయటపడుతుంది. వేవ్ ఫైళ్ళలో ఆ సౌకర్యం లేదు. అందుకే క్యాసెట్లు ఎక్కించేవాళ్ళు ఫ్లాక్‌లోనే దాచుకోండి.

"ఇంత తంటా ఎందుకు, నెలకి కొంచెం కడితే అన్ని పాటలూ ఫోన్లోనే కదా" అంటారు. సినిమా పాటలకి నేనూ కడతాను, ఏం తప్పు లేదు. కానీ పెట్రోమాక్సుకి గాలి కొట్టమన్న కేక ఏ యాప్‌లో దొరుకుతుంది? నాస్‌లో ముందు ఎక్కాల్సినవి అవి. సీడీలది తర్వాత, పోతే మళ్ళీ ఎక్కించుకోవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా. మూల పడున్న పాత డెస్క్‌టాప్ ఉంటే దాన్ని నాస్‌గా మార్చే ఓపెన్‌మీడియావాల్ట్ వేసి అందులో నావిడ్రోమ్ పెట్టుకోండి. అంత ఓపిక లేకపోతే రెండు డిస్కులు పట్టే చిన్న నాస్ కొని ఒక్క డిస్కుతో నడపండి. బయట రెండు యూఎస్‌బీ డిస్కులు, ఒకటి ఇంట్లో, ఒకటి ఊరవతల. నాది చిత్తూరులో అక్కావాళ్ళ బీరువాలో ఉంటుంది, బావది మా ఇంట్లో. పండగలకి అటూ ఇటూ పోయినప్పుడు మార్చుకుంటాం. డిస్కుల కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయేవాళ్ళు బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని, కంపెనీ సైటులో ఆ నంబరు కొట్టి మన దేశంలో వారంటీ ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి, రైలెక్కాక చూసుకుంటే లాభం లేదు.