బియ్యం నిండుకున్నాయి

మొన్న మా అమ్మ వాట్సాప్‌లో "బియ్యం నిండుకున్నాయి" అని పెట్టింది. అమెరికాలో పెరిగిన మా మేనకోడలు సెలవులకి వచ్చి ఉంది. తెలుగు చదవడం రాదు కాబట్టి అనువాదం యాప్‌లో వేసి చూసుకుంది. బియ్యం నిండుగా ఉన్నాయని చెప్పిందట. బజారుకెళ్ళిన పిల్ల కూరగాయలు మాత్రం తెచ్చింది.

నవ్వుకున్నాం గానీ, ఇది చిన్న తప్పే. ఇంట్లో "అయిపోయాయి" అనకూడదు కనక మనకి బియ్యం నిండుకుంటాయి, దీపం కొండెక్కుతుంది. ఇవన్నీ నిఘంటువుల్లో ఉన్నవే, నేర్పితే నేర్చుకుంటుంది.

నిఘంటువుకి అందని మాటలతోనే తంటా. పోయిన వారం అమ్మ మెసేజి: "మీ పిన్ని కొడుకు వచ్చి రెండు రోజులుండి వెళ్ళాడు. పాపం, వాడికి ఎంత పనో." నా ఫోను దాన్ని "బంధువు వచ్చి వెళ్ళారు" అని కుదించి, కింద "చాలా సంతోషం!" అని రెడీమేడ్ జవాబు కూడా ఇచ్చింది. "నువ్వు రాలేదు" అన్నది అందులో ఏ అక్షరంలో ఉంది? ఉగాదికి నేను ఎగ్గొట్టానని తెలిసినవాడికే ఆ "పాపం" గుచ్చుకుంటుంది.

ఇది కొత్త గొడవేం కాదు. హాలుడు కూర్చిన పాత ప్రాకృత పద్యాల సంకలనం గాథాసప్తశతిలో ఒకామె ఓ ధార్మికుడితో "ఇక భయం లేకుండా తిరగవయ్యా, ఆ కుక్కని ఇవాళ గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం చంపేసింది" అంటుంది. కుక్కకే జడిసే మనిషి సింహం ఉందంటే అటు తొంగిచూస్తాడా? అది ఆమె ప్రియుణ్ణి కలుసుకునే చోటు మరి. మాట "తిరుగు", అర్థం "రాకు". పైకి అనకుండానే స్ఫురించే అర్థాన్ని ధ్వని అంటారు; ధ్వని అంటే ఇదీ అని 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడనే అలంకారికుడు చూపించింది ఈ గాథనే. 1975లో అచ్చైన వ్యాసంలో పాల్ గ్రైస్ అనే తత్వవేత్త ఇచ్చిన ఉదాహరణ కూడా ఇలాంటిదే: తత్వశాస్త్రం ఉద్యోగానికి సిఫార్సు ఉత్తరం అడిగితే, శిష్యుడికి ఇంగ్లీషు బాగా వచ్చనీ, క్లాసులకి సరిగ్గా వస్తాడనీ రాసి ఊరుకున్న గురువు. పెళ్ళిసంబంధాల్లో ఉద్యోగం గురించి అడిగితే "అబ్బాయి చాలా నెమ్మదస్తుడండీ" అనడం లేదూ!

గుచ్చి గుచ్చి అడిగితే ఇప్పటి చాట్‌బాట్లు ఇలాంటి పుల్లవిరుపుల్ని కొంత పసిగడుతున్నాయి, ఒప్పుకుంటాను. కానీ మా ఇంటి లెక్కలు దానికెవరు చెప్తారు? చెప్పాలని నాకూ లేదు. అది తెలియకుండానే "మీ భాష మాకు పూర్తిగా అర్థమవుతుంది" అని ప్రకటనలిస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

శనివారం బస్సుకి టికెట్ తీసి అమ్మకి ఫోన్ చేశాను.

"ఇప్పుడెందుకు రా, నీకు సెలవు దొరకదేమో" అంది.

ఈ మాట యంత్రం చేతికిస్తే నా టికెట్ రద్దు చేసేస్తుంది.