గని నీటి నివేదికలో అంకె కంటే ముందు అడగాల్సినవి

'అన్నీ అనుమతించిన పరిమితుల్లోనే ఉన్నాయి.' గని చుట్టుపక్కల నీళ్లపై వచ్చే నివేదికల్లో తరచూ కనిపించే మాట ఇది. చాలాసార్లు అబద్ధం కూడా కాదు. నీళ్లు ఎక్కడ పట్టాలి, ఎప్పుడు పట్టాలి, ఏం కొలవాలి అన్నవి ఖరారైన రోజే ఫలితం సగం తేలిపోతుంది. ప్రయోగశాలకు మిగిలేది తక్కిన సగమే.

అందరూ ముందు చూసే పీహెచ్ సంగతే తీసుకుందాం. నీటి ఆమ్లతకు కొలమానం అది; 7 అంటే తటస్థం, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. తవ్వి పోసిన రాతిలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంటే, గాలీ నీరూ తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ పనిని ఎన్నో రెట్లు తొందర చేస్తాయి. కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ గనిలో పీహెచ్ సున్నాకు కూడా దిగువన, మైనస్ 3.6 దాకా నమోదైంది. అయితే ఆమ్లం పుట్టగానే పీహెచ్ పడిపోదు. రాతిలో సున్నపురాయి వంటి కార్బొనేట్లు ఉన్నన్నాళ్లూ ఆమ్లాన్ని అవి మింగేస్తుంటాయి. మీటరు 7 దగ్గరే కదలకుండా ఉంటుంది. కదిలేది ఆ ఆమ్లం నీటిలో మిగిల్చే సల్ఫేట్, దాంతోపాటు కరిగిన లవణాలను బట్టి పెరిగే నీటి విద్యుత్ వాహకత. లీటరుకు 30 మిల్లీగ్రాములున్న సల్ఫేట్ ఐదేళ్లలో 150కి చేరిందనుకోండి. అమెరికా, యూరోపియన్ యూనియన్ తాగునీటికి పెట్టుకున్న 250తో పోలిస్తే అది తక్కువే, నివేదికలో ఆ గడి పచ్చగానే ఉంటుంది. కానీ కొండలో ఏదో మొదలైందని ఆ ఐదేళ్ల గీత చెబుతూనే ఉంది. పీహెచ్ పడిపోయాక తెలిసేది సున్నపురాయి ఖర్చయిపోయిందని మాత్రమే. పైగా పీహెచ్ మామూలుగా ఉన్న నీటిలోనూ ఆర్సెనిక్, సెలీనియం వంటి విషపదార్థాలు కరగగలవు.

గని రాకముందు అక్కడి నీళ్లెలా ఉండేవో తెలియకపోతే ఈ గీతకూ అర్థం లేదు. ఖనిజం ఉన్న నేలలో లోహాలు నీటిలోకి సహజంగానే వస్తాయి. 'ఇది మా వల్ల కాదు, ముందునుంచీ ఉన్నదే' అని యాజమాన్యం అంటే, అది నిజమూ కావచ్చు. తేల్చడానికి తవ్వకానికి ముందు కనీసం ఒక ఏడాది, వానాకాలమూ ఎండాకాలమూ కలిపి, తీసిన లెక్కలుండాలి. అవి లేనిచోట వాదన ఎన్నటికీ తెగదు. ఆ ఏడాది ఖర్చు తప్పించుకోవాలని చూసేవాళ్లకు ఈ విషయం తెలియదనుకోలేం.

ఇక వేళ. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో గనుల ప్రభావం పడిన వాగులను రాత్రీ పగలూ వరుసగా పరీక్షించినప్పుడు, కరిగిన జింక్ మధ్యాహ్నం కంటే తెల్లవారుజామున కొన్నిచోట్ల రెట్టింపునకు మించి కనిపించింది. ఎండలో నాచు కిరణజన్య సంయోగక్రియ జరిపితే నీటి పీహెచ్ కాస్త పెరుగుతుంది, జింక్ వెళ్లి రాళ్లకు అంటుకుంటుంది, రాత్రి మళ్లీ వదులుతుంది. ఆర్సెనిక్ నడక దీనికి తలకిందులు. నమూనాలు తీసేది మాత్రం ఆఫీసు వేళల్లోనే! ఎండాకాలం తర్వాత పడే తొలి వాన పరిస్థితీ అంతే. తవ్వి పోసిన రాతి గుట్టల మీద పేరుకున్న లవణాలన్నీ ఒక్కసారిగా వాగులోకి దిగుతాయి. మూడు నెలలకోసారి వచ్చే బృందం ఆ రోజు అక్కడ ఉండటం అదృష్టం మీదే ఆధారపడుతుంది.

బోరు దగ్గర ఇంకో చిక్కుంది. గొట్టంలో నిలవున్న నీటిని భూగర్భ జలంగా లెక్కించకూడదు. తోడి పారబోస్తూ పోయి, ఉష్ణోగ్రత, పీహెచ్, వాహకత నిలకడపడ్డాకే సీసా పట్టాలి. కరిగిన లోహాల కోసమైతే అక్కడికక్కడే 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టి నైట్రిక్ ఆమ్లం కలపాలి. కలపకపోతే ప్రయోగశాలకు చేరేలోగా సీసా అడుగున ఇనుము తుప్పురంగు మడ్డిగా దిగుతుంది. ఆర్సెనిక్‌ను కూడా వెంట తీసుకుపోతుంది. పైన తేటగా ఉన్న నీటిని పరీక్షిస్తే ఫలితం బ్రహ్మాండంగా వస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బోర్ల స్థానం. గనిలో నీరు తోడుతున్నంతకాలం చుట్టుపక్కల నీటిమట్టం పడిపోయి, భూగర్భ జలం గని వైపే పారుతుంది. తవ్వకానికి ముందు గీసిన పటంలో, గని వైపు నుంచి నీళ్లు చేరే 'దిగువ' అని రాసుకున్న బోరు అప్పటికి ఎగువ అయిపోయి ఉండొచ్చు. అందులో నీళ్లు శుభ్రంగా ఉండటంలో వింతేముంది? నీటిమట్టాలు కొలిచి ప్రవాహ దిశను ఎప్పటికప్పుడు సరిచూడకుండా ఇచ్చే నాణ్యత అంకెలను నేనైతే నమ్మను.

మోటార్లు ఆగాక కథ మారుతుంది. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్‌లోని వీల్ జేన్ తగరపు గని 1991లో మూతపడింది. లోపల నిండిన ఆమ్లజలం 1992 జనవరిలో బయటికి తన్నుకొచ్చి, కార్నన్ నది మీదుగా ఫాల్ నది ముఖద్వారాన్ని తుప్పురంగు చేసింది. మోంటానాలోని బర్క్‌లీ పిట్ అనే రాగి గనిలో మోటార్లు ఆపింది 1982లో. ఆ గుంట నీటిమట్టాన్ని అదుపులో ఉంచేందుకు తోడి శుద్ధి చేసి బయటికి వదలడం మొదలైంది 2019లో. పర్యవేక్షణ ప్రణాళికను గని ఆయుష్షుతో ముడిపెడితే సరిగ్గా అవసరమైన వేళకు అది ముగిసిపోతుంది. అప్పటికి తవ్వకం ఆదాయం ఉండదు, కొన్నిసార్లు కంపెనీయే ఉండదు. అందుకే మూసివేత తర్వాతి దశాబ్దాల నీటి పరీక్షలకు కావలసిన సొమ్మును అనుమతి ఇచ్చేనాడే, కంపెనీ చేతికి అందని ఖాతాలో జమ చేయించాలి. బోర్ల పటం, నమూనా తీసిన వేళ, ముడి అంకెలు కూడా ఆ నీళ్లు తాగేవాళ్లు ఎప్పుడంటే అప్పుడు చూసుకునేలా ఉండాలి.