టిక్కు పెట్టని గడి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పక్కింటి కుర్రాడు డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాడు. మొన్న ఆదివారం సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. "మాస్టారూ, పైథాన్ ఎక్కించినాను. అయిపోనాదని కూడా చూపించింది. పేరు టైపు చేస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటంది, ఇదేటి?"

పైథాన్ అంటే ప్రోగ్రాములు రాసే భాష. గొడవేమిటో చూడకముందే అర్థమైంది. పైథాన్ ఇన్‌స్టాలర్ మొదటి తెర అడుగున, పాత్‌లో, అంటే ప్రోగ్రాముల కోసం విండోస్ వెతికే చోట్ల జాబితాలో, చేర్చాలా అని ఒక గడి ఉంటుంది. ఏళ్ల తరబడి అది ఖాళీగానే వస్తోంది. దాన్ని పట్టించుకోకుండా పైనున్న పెద్ద బటన్ నొక్కితే పైథాన్ ఎక్కుతుంది. కానీ అదెక్కడుందో, మనం ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌కి తెలీదు. వెతికి దొరక్క విండోస్ మనల్ని తన దుకాణానికి తోలేస్తుంది.

ఆ గడి ఖాళీగా ఉండటానికి కారణం లేకపోలేదు. ఒకే కంప్యూటర్లో రెండు మూడు వెర్షన్లు పెట్టుకున్నవాళ్లకి, కొత్తది వచ్చి పాతదాని దారి మార్చేస్తే పని చెడుతుంది. న్యాయమే. కానీ వాళ్లకు టిక్కు తీసెయ్యడం క్షణం పని. మొదటిసారి వచ్చినవాడికి ఆ టిక్కు లేకపోతే ఆదివారమంతా పోతుంది. తెలిసినవాడి చిరాకు తప్పించడానికి తెలియనివాడి నెత్తిన భారం పెట్టారు. ఉచిత పరికరాలు చాలావాటిలో నాకు కనపడేది ఈ పొరపాటే.

సీ భాష దగ్గరా ఇదే తంతు. సీ ప్రోగ్రాములు రాసుకునే కోడ్‌బ్లాక్స్‌కి విండోస్ ఫైళ్లు ఒకటి కాదు, బోలెడు. పేరులో 'మింజీడబ్ల్యూ' అని ఉన్నదాన్ని దించుకుంటేనే, రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ కూడా వస్తుంది. ఆ పేరేమిటో తెలిసినవాడికి సాయమే అక్కర్లేదు. అలాంటిదే ఇంకోటి, వీఎస్ కోడ్ అయితే కంపైలర్ లేకుండానే వస్తుంది, అది మనమే వేరే తెచ్చుకోవాలి.

సీ నేర్పడానికి వాడే 1990 నాటి టర్బో సీ ప్లస్ ప్లస్ ఇంకా కొన్ని కాలేజీ ల్యాబుల్లో నడుస్తోందని నవ్వుకుంటాం. నేనూ నవ్వాను. కానీ అది బతికి బట్టకట్టడం ఊరికే కాదు. పాతకాలపు ప్రోగ్రాముల్ని కొత్త యంత్రాల మీద నడిపించే డాస్‌బాక్స్‌తో కలిపి ఎవరో మూటకట్టిన ఒక్క ఫైలు పెన్‌డ్రైవ్‌లో చేతులు మారుతుంది. నెట్ అక్కర్లేదు. నాలుగు నొక్కులు నొక్కితే నీలం తెర, కంట్రోల్ ఎఫ్9 కొడితే ప్రోగ్రాం నడుస్తుంది. ప్రోగ్రాం మొదలుపెట్టడానికి అది నేర్పే 'వాయిడ్ మెయిన్' తప్పే. అయినా పిల్లాడు అక్కడిదాకా చేరాడు కదా!

పాత యంత్రాలది వేరే గోల. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ 3.8. ఆ తర్వాతది ఏది దించుకున్నా డేటా దండగ.

మా వైపు ఇంకో మెలిక ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, తెర మీద ఇంగ్లిష్. ఈ ల్యాప్‌టాప్ పాత యజమాని యూజర్ పేరు ఒడియా లిపిలో పెట్టుకున్నాడు, ఫోల్డర్ పేరూ అదే అయింది. అలాంటి పేరు కనపడితే తడబడే పరికరాలు ఇంకా ఉన్నాయి. అలాగని అన్నీ అనువదించేస్తే సరిపోతుందా? టైపు చేసిన పేరు దొరకనప్పుడు విండోస్ ఇచ్చే సందేశాన్ని 'అంతర్గత లేదా బాహ్య ఆదేశముగా గుర్తించబడలేదు' అని తెలుగు చేస్తే ఇంగ్లిషే నయం. పిల్లలు మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది ఈ ఊళ్లో ఉంటూనే. సవర గిరిజనులకు వాళ్ల భాషలోనే వాచకాలు రాసిన మనిషి ఈ సందేశం చూస్తే ఏమనేవారో! 'పైథాన్ ఉంది గానీ దారి కలపలేదు. కలపమంటారా?' అంటే చాలు. కింద ఒక బటన్.

చేయలేని పనేం కాదిది. ఎస్తోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో పుట్టిన థానీ అనే ప్రోగ్రాం, పైథాన్‌ని తన కడుపులోనే పెట్టుకుని వస్తుంది. పాత్ గొడవ లేదు. ప్రోగ్రాంని ఒక్కో అడుగూ నడిపిస్తూ ఏ పేరులో ఏ విలువ ఉందో పక్కనే చూపిస్తుంది. అక్కడ మొదటిసారి వచ్చినవాణ్ణి ముందు తలుచుకున్నారు, తేడా అంతే.

ఇంగ్లిష్ పేరుతో కొత్త యూజర్ ఖాతా తెరిచి, థానీ ఎక్కించి ఇచ్చాను. టీ చల్లారేలోపు ఎక్కాలు ప్రింటు చేసేశాడు కుర్రాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "దీన్లోనూ వేసియ్యండి మాస్టారూ. పాతపట్నంలో ఇంకో ఇద్దరున్నారు."