బస్తాకు కట్టేసిన సబ్సిడీ

2025 వానాకాలంలో తెలంగాణ పల్లెల్లో సహకార సంఘాల ముందు రైతులు తమకు బదులుగా చెప్పులను, పాసు పుస్తకాలను వరుసలో ఉంచి యూరియా కోసం తెల్లవారుజాము నుంచే పడిగాపులు కాశారు. దాన్ని సరఫరా లోపంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంది. అసలు ఖర్చులో అధిక భాగాన్ని కేంద్రమే భరిస్తోంది. కిలో పోషకానికి ఇంతని సబ్సిడీ ఇచ్చి ధరను కంపెనీలకు విడిచిపెట్టే పోషకాల ఆధారిత సబ్సిడీ విధానాన్ని 2010లో తెచ్చినప్పుడు భాస్వరం, పొటాష్ ఎరువులను అందులో చేర్చి యూరియాను మాత్రం వదిలేశారు. ఇప్పుడు భాస్వరం ఇచ్చే డీఏపీ ఎరువు 50 కిలోల బస్తా 1,350 రూపాయలు. చౌకైనదాన్నే రైతు నాలుగు పిడికిళ్లు ఎక్కువ చల్లుతాడు. అది అజ్ఞానం కాదు, లెక్క. నత్రజని (యూరియా ఇచ్చేది ఇదే), భాస్వరం, పొటాష్ 4:2:1 పాళ్లలో ఉండాలని శాస్త్రవేత్తలు ఎంత చెప్పినా, చేను ధర మాటే వింటోంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న, రసాయన ఎరువులు వాడని ప్రకృతి సాగుది వేరే లెక్క. ఎకరాకు జీవామృతం కావాలంటే 200 లీటర్ల డ్రమ్ము నీళ్లలో పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి, పూటపూటకూ కర్రతో తిప్పుతూ నీడలో రెండు రోజులు మురగబెట్టాలి. అదీ ఒక పంటకాలంలో పలుమార్లు. ఈ చాకిరీలో పెద్ద వాటా ఆడవాళ్లదే. యూరియా మానేసిన ఆ కుటుంబం ఖజానాకు బస్తా బస్తాకూ సొమ్ము మిగులుస్తున్నా అందులో పైసా ఆ ఇంటికి రాదు. పక్క చేను రైతుకు మాత్రం బస్తాతో పాటే సాయం అందుతూ ఉంటుంది.

ఎరువుల సబ్సిడీకి కేంద్రం ఏటా లక్షన్నర కోట్ల రూపాయలకు పైగా వెచ్చిస్తోంది. 2024 నవంబరులో ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్ మొత్తం వ్యయం, రాష్ట్రాల వాటా కూడా కలుపుకొని, 2,481 కోట్లు. ఎరువుల వాడకం తగ్గిస్తే మిగిలే సబ్సిడీలో సగాన్ని గ్రాంటుగా ఇస్తామంటూ కేంద్రం 2023లో తెచ్చిన పీఎం-ప్రణామ్ పథకం ఉద్దేశం మంచిదే. కాకపోతే బస్తా తగ్గించేది రైతు, గ్రాంటు అందుకునేది రాష్ట్రం.

అలాగని సబ్సిడీని ఒక్క వేటున తెగ్గొట్టమని మేము అనడం లేదు. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రే నిషేధించిన శ్రీలంక, దిగుబడులు పడిపోయి, కొద్ది నెలల్లోనే వెనక్కి తగ్గింది. బస్తాకు బదులు ఎకరాకు నగదు ఇవ్వాలన్న సూచన మాకు సబబుగానే తోస్తున్నా, అది భూ యజమాని ఖాతాలో పడి కౌలు రైతు చేతికి రాదన్న సంగతి రైతుబంధుతోనే తేలిపోయింది. చౌక బస్తాకున్న సుగుణమల్లా, మామూలు రోజుల్లో కౌలుదారైనా దాన్ని కొనుక్కోగలగడమే. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద కౌలుదారులకు ఇస్తున్న సాగు హక్కు పత్రాలకు యజమాని సంతకం తప్పనిసరి కావడంతో అవి ఎంతోమందికి అందడం లేదు. ముందు ఆ అడ్డు తొలగించి, యూరియా తగ్గించిన సాగుదారుకు మిగిలిన సబ్సిడీలో వాటాను ఎకరాల లెక్కన నేరుగా చెల్లించే పద్ధతిని వచ్చే రబీకే ఒకటి రెండు జిల్లాల్లో అమలు చేసి చూడాలి.