ఒకటిన్నర లిఫ్టు

ఫలితం చూసి డబ్బిచ్చే రక్షణ కాంట్రాక్టుల గురించి రాసేదానికి నీకేం అర్హత ఉండాదని ఎవురన్నా అడుగుతారేమో, ముందే చెప్పేస్తా. రెండేళ్ళుగా తిరుపతిలో కేటీ రోడ్డు వెనక ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రెటరీని. రెండు బ్లాకులు, రెండు లిఫ్టులు, నలభై ఫ్లాట్లు, అందులో మెయింటెనెన్స్ అడగతానే ఫోన్ స్విచాఫ్ చేసేవి పదకొండు. కార్గిల్ పోస్టింగ్ కన్నా ఇది కష్టమని అనను గానీ, అక్కడ శత్రువు ఎవురో కనీసం తెలుస్తాది.

మా లిఫ్టులకి మొన్నటిదాకా మామూలు ఏఎంసీనే. ఏడాదికింతని కడితే నెలకోసారి మెకానిక్ తమ్ముడు వస్తాడు, చేతిలో ఒక గ్రీజు డబ్బా, ఒక నూనె మరకల గుడ్డ, మిషన్ రూములో పది నిమిషాలు ఉండి, రిజిస్టర్లో 'చెక్డ్ ఓకే' అని రాసి సంతకం పెట్టి, వాచ్‌మన్ భార్య ఇచ్చే టీ తాగి పోతాడు. పన్నెండు విజిట్లు పూర్తయితే కాంట్రాక్టు సుబ్బరంగా నడిచినట్టే, లిఫ్టు తిరిగిందా లేదా అనేది మనం మనం చూసుకోవాల్సిన విషయం. మధ్యలో చెడిపోతే స్పేర్లు మన ఖర్చు. 'కార్డు పోయింది సార్' అంటాడు, అంటే లోపలుండే సర్క్యూట్ బోర్డు. ఏ కార్డు, ఎందుకు పోయింది, పోయిన వారం మార్చింది మరి ఏ కార్డు, ఇవన్నీ అడిగితే మొహం చిన్నబుచ్చుకుంటాడు. ఒకరోజు కూర్చోని రెండేళ్ళ బిల్లులు తిరగేస్తే తేలింది ఏందంటే, లిఫ్టు బాగా తిరిగిన నెలల్లో కంపెనీకి పైసా మిగల్లేదు, చెడిపోయిన నెలల్లోనే వాళ్ళకి పండగ. అంటే లిఫ్టు చెడిపోవాలని మొక్కుకునే మనిషిని మనమే జీతమిచ్చి పెట్టుకున్నామన్నమాట.

ఈ మాట 302 ఫ్లాటు మామతో అంటే పకపకా నవ్వినాడు. ఎయిర్‌ఫోర్స్ స్టోర్స్‌లో ఇరవై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి, ఇప్పటికీ పచారీ చీటీలో కందిపప్పుకి కూడా సీరియల్ నంబరేస్తాడు. "ఒరే అబ్బోడా, నువ్వు ఈరోజు కనుక్కున్నది ప్రపంచంలో రక్షణ శాఖలన్నీ ఎప్పుడో కనుక్కునినాయి. విమానం అమ్మేది ఒక రోజు యాపారం, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు స్పేర్లు అమ్ముకునేదే అసలు యాపారం. అది షెడ్డులో పండుకుంటే వాళ్ళకి లాభం, ఎగిరితే మనకి లాభం" అన్నాడు. దీనికి కనిపెట్టిన మందే పర్ఫార్మెన్స్ బేస్డ్ కాంట్రాక్టు, విమానాల కాడికొస్తే పర్ఫార్మెన్స్ బేస్డ్ లాజిస్టిక్స్, పొట్టిగా పీబీఎల్. స్పేరు కొనొద్దు, రిపేరు కొనొద్దు, విమానం రెడీగా ఉండటాన్ని కొను. రెడీగా ఉంటే డబ్బు, లేకపోతే కోత. స్పేర్లు ఎంత తక్కువ పడితే కంపెనీకి అంత మిగుల్తాది కాబట్టి చెడిపోకుండా చూసుకునే బుద్ధి దానంతట అదే పుడతాదని లెక్క.

ఇదేం కొత్త సంగతి కాదు. 1908లో అమెరికా సైన్యం రైట్ సోదరులతో రాసుకున్న ఒప్పందంలో ధర 25,000 డాలర్లు, గంటకి 40 మైళ్ళ వేగం రావాల, ఇద్దరు మనుషుల్ని మోయాల, గంటసేపు గాల్లో ఉండాల. 40 దాటిన ఒక్కో మైలుకి 10% అదనం, తగ్గిన ఒక్కో మైలుకి 10% కోత. రెక్క గుడ్డ ఏ అంగట్లో కొనాల, దానికి కుట్లు ఎన్నెయ్యాల అనే గోల లేదు. 1909లో 42న్నర మైళ్ళు తోలి చూపించినారు, రెండు మైళ్ళకి 5,000 బోనస్ కలిపి 30,000 తీసుకోని పోయినారు. పైనున్న ఆ అర మైలుకి ఒక్క సెంటు కూడా ఇయ్యలేదు. ఈ అర మైలు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తా దీనికి. ఆ తర్వాత 1962లో బ్రిటన్లో బ్రిస్టల్ సిడ్లీ అనే కంపెనీ తన వైపర్ ఇంజిన్‌కి గంటకింత అని రేటు పెట్టి మెయింటెనెన్స్ మొత్తం తన నెత్తినేసుకుంది, ఇంజిన్ తిరిగిన గంటలకే డబ్బు. ఆ కంపెనీతో పాటు ఆ పద్ధతీ రోల్స్ రాయిస్ చేతికొచ్చింది.

అమెరికా కొనుగోలు నిబంధనల్లో దీన్ని మూడు ముక్కల్లో చెప్పినారు, ఏం కావాలో చెప్పు ఎట్లా చెయ్యాలో చెప్పొద్దు, కొలిచేదానికి వీలుగా చెప్పు, ఎట్లా కొలుస్తావో కూడా ముందే రాయి, వీలైతే బాగా చేసినోడికి నాలుగు డబ్బులు ఎక్కువియ్యి. (నాలుగైనాయి, కానీండి.) మన ఆటో లెక్కే. బస్టాండ్ కాడ ఎక్కి కపిలతీర్థానికి పావుగంటలో చేర్చు నాయనా అంటే అది ఫలితం కొనడం. లీలామహల్ కాడ ఇట్లా తిప్పు, ఇక్కడ సెకండ్ గేరెయ్యి, ఆ గుంత తప్పించు అని పక్కన కూర్చోని చెప్తా ఉంటే అది మన పాత టెండరు. మొదటి పద్ధతే మంచిది, అనుమానం లేదు. కాకపోతే పావుగంట అన్నావు కదా అని ఆటోవాడు వన్‌వేలో ఎదురు తోలి, పద్నాలుగో నిమిషంలో దింపుతాడు, ఎవురిదో స్కూటర్ అద్దం నీ ఒళ్ళో ఉంటాది. అద్దాలు పగలగొట్టకూడదని నువ్వు చెప్పలేదు గదా.

ఇంగ మన దేశం కాడికి వస్తే, 2016 సెప్టెంబరులో 36 రఫేల్ విమానాలకి సుమారు 7.87 బిలియన్ యూరోలతో ఒప్పందం చేసుకున్నప్పుడు అందులో 5 ఏళ్ళ పీబీఎల్ కూడా పెట్టినారు, కనీసం 75% విమానాలు ఎప్పుడూ రెడీగా ఉండాలని. 36లో 75 శాతమంటే 27, లెక్క తెగుతుంది. మా మామకి ఈ 75 మీద శానా భక్తి. జనరల్ బాడీ మీటింగులో లేచి నిలబడి "దేశ రక్షణకి 75 చాలంటే మనకి చాలదా" అన్నాడు, ఎవురు కాదంటారు, దేశం పేరు ఎత్తినాక. తీర్మానం పాసైంది. డ్రాఫ్టు నేనే రాసినా, రెండు రాత్రులు. 'లిఫ్టుల సముదాయం నెలవారీ లభ్యత 75 శాతానికి తగ్గరాదు, స్పేర్లతో సహా కంపెనీదే బాధ్యత.' సముదాయం అనే మాట నాకు బలే నచ్చింది, బరువుగా ఉండాదని. రెండు లిఫ్టుల్లో 75 శాతమంటే ఎంతని మీటింగులో ఒక్కరు కూడా లెక్కెయ్యలేదు, 204లో రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్ ఉండి కూడా.

ఒకటిన్నర.

కంపెనీవాళ్ళు లెక్కేసుకున్నారు. మొదటి నెలలోనే బీ బ్లాకు లిఫ్టులో ఉన్న మంచి బ్రేక్ కాయిల్ తీసి ఏ బ్లాకు లిఫ్టుకేసి, ఏలో ఉన్న ముసలి కాయిల్ బీకి వేసినారు. కొత్తది కొంటే వాళ్ళ డబ్బు గదా ఇప్పుడు. దీనికి ఎయిర్‌ఫోర్సుల్లో కానిబలైజేషన్ అని పేరంట, ఒక విమానం అవయవాలు తీసి ఇంకొక దానికి పెట్టడం, మామ ఆ మాట చెప్తా ఉంటే ఆయన కళ్ళల్లో పాత రోజులు కనిపించినాయి. దాంతో ఏ లిఫ్టు కొత్త పెళ్ళికొడుకు మాదిరి తిరగతా ఉండాది. బీ లిఫ్టు పైకి పోతాది. కిందికి కూడా వస్తాది, కానీ ఖాళీగా అయితేనే. మనిషి ఎక్కి కిందికి నొక్కితే రెండో ఫ్లోర్ దాటినాక ఒక్క జర్క్ ఇచ్చి ఆగిపోతాది.

నేను ఫోన్ చేసి పిలిపించి గట్టిగా అడిగినా. మెకానిక్ తమ్ముడు గమ్మున ఒక కాగితం చాపినాడు. ఏ లిఫ్టు ఒకటి, బీ లిఫ్టు సగం, మొత్తం ఒకటిన్నర, రెంటితో భాగిస్తే 75. "సముదాయం అని మీరే రాసినారు సార్." అమెరికా సైన్యం అర మైలుని లెక్కలోకి తీసుకోలేదు, మేం అర లిఫ్టుని తీసుకున్నాం.

మామని అడిగితే ఆయన ఇంకొక బాంబేసినాడు. విమానాల్లో కూడా పూర్తి మిషన్ కేపబుల్, పాక్షిక మిషన్ కేపబుల్ అని రెండు రకాలు ఉంటాయంట. అప్పజెప్పిన పనులన్నీ చెయ్యగలిగితే పూర్తి, ఏదో ఒకటి చెయ్యగలిగితే పాక్షికం. అమెరికావాళ్ళ ఎఫ్-35ల్లో 2023 మార్చి నాటికి ఏదో ఒక పనికైనా రెడీగా ఉన్నవి సుమారు 55 శాతమేనని వాళ్ళ ఆడిటు సంస్థే రాసింది, పెట్టుకున్న టార్గెట్ చూస్తే 85కి పైన. "అంటే మన బీ లిఫ్టు ప్రపంచ స్థాయిలోనే ఉండాది మామా" అంటే ఆయనకి కోపమొచ్చింది.

కొలిచేది ఎవురు అనేది ఇందులో అసలు చిక్కు. అమెరికాలో సర్వైలెన్స్ ప్లాన్ అని పెద్ద డాక్యుమెంటే రాస్తారు, ఎవురు చూడాల, ఎన్ని రోజులకొకసారి చూడాల, ఏ ఫారం నింపాల, అన్నీ. మా సర్వైలెన్స్ ప్లాన్ వాచ్‌మన్. ఒక అట్టల నోటుబుక్కు, దారంతో కట్టిన పెన్ను. కాంట్రాక్టులో నేను ఇంకొక తెలివైన పని చేసినా, లిఫ్టు ఆగిన టైము 'కంపెనీకి ఫిర్యాదు అందినప్పటి నుండి' లెక్కపెట్టాలని రాసినా. ఫిర్యాదులు ఉదయం 10 నించి సాయంత్రం 5 దాకా. కరెంటు పోయిన టైము లెక్కలో లేదు. ముందుగా చెప్పి చేసే సర్వీసింగ్ లెక్కలో లేదు. దాంతో మా లిఫ్టు రాత్రి తొమ్మిదికి ఆగితే పొద్దున పదిదాకా చట్టప్రకారం తిరగతానే ఉంటాది. ఆ పదమూడు గంటలు మనం మెట్లెక్కింది మన భ్రమ. ఒకసారి ఆదివారం సీమంతానికి వచ్చిన చుట్టాలు నలుగురు బీ లిఫ్టులో ముప్పావుగంట ఇరుక్కున్నారు, నోటుబుక్కులో ఆరోజు కాలమ్‌లో రాసుండేది ఒకటే మాట: 'కరెంట్'. కరెంటు పోలేదు. వాచ్‌మన్‌ని అడిగితే "తమ్ముడు అట్లనే రాయమన్నాడు సార్, టీ కూడా ఆయనే తాపించినాడు" అన్నాడు. సర్వైలెన్స్ ప్లాన్‌కి మేం టీ బడ్జెట్ పెట్టలేదు, తప్పు మాదే.

పెనాల్టీ లేదా అంటారా, ఉండాది. మన రక్షణ కొనుగోళ్ళ మాన్యువల్లో శానా కాలం నడిచిన లెక్కనే దించినా, లేటైన వారానికి 0.5%, గరిష్ఠంగా 10%. నాకు అప్పుడు తోచలేదు, ఇరవై వారాలకి పెనాల్టీ నిండిపోతాది, ఇరవై ఒకటో వారం నించి లేటు ఫ్రీ.

దసరాకి ప్రెసిడెంటు గారు బోనస్ ఇద్దామన్నాడు. దేనికి సార్ అంటే "పాపం పిల్లోడు ఫోన్ చేస్తే ఎత్తుతాడు కదా" అన్నాడు. నేను నవ్వబోయి ఆపుకున్నా, ఎందుకంటే 2005లో అమెరికా ఆడిటు సంస్థ రక్షణ శాఖ కాంట్రాక్టులు తిరగేసి, సుమారు 8 బిలియన్ డాలర్ల అవార్డ్ ఫీజులు, అంటే బోనస్‌లే, పని ఫలితంతో సంబంధం లేకుండా పంచేసినారని రిపోర్టు ఇచ్చింది. లేటైన ప్రాజెక్టుకీ బోనస్, ఖర్చు దాటిన ప్రాజెక్టుకీ బోనస్. ఒకసారి రాని బోనస్‌ని తర్వాతి పీరియడ్‌కి మోసుకుపోయి మళ్ళీ సంపాదించుకునే రోల్‌ఓవర్ కూడా ఉండేది, మన ఇంటర్ సప్లిమెంటరీ మాదిరి. తర్వాత దాన్ని నిషేధించినారు. మా ప్రెసిడెంటు గారికి ఈ చరిత్రంతా తెలీదు, ఆయనకి సహజంగానే పెంటగాన్ మనసు.

ఇంత చెప్పినా నాకు ఈ పద్ధతి మీద కోపం లేదు. పాత ఏఎంసీ కన్నా ఇదే మేలు, ఏ లిఫ్టు నిజంగానే బాగా తిరగతా ఉండాది, ఆర్నెల్లుగా కార్డు బిల్లు ఒకటి కూడా రాలేదు. మేం అడిగింది మాకొచ్చింది. మేం అడిగింది ఒకటిన్నర.

పోయిన వారం రెన్యూవల్ మీటింగ్ పెట్టినాం, కంపెనీ తరఫున తమ్ముడు వచ్చినాడు. బీ లిఫ్టు సంగతి నేను ఎత్తతానే, అతను ఏమాత్రం తొణక్కుండా అన్నాడు, "సార్, మీరు తిరుపతిలోనే ఉండి ఇట్లా మాట్లాడితే ఎట్లా. తిరుమల ఘాట్ రోడ్డు చూడండి. పైకి పోయేదొకటి, కిందికి దిగేదొకటి. ఇన్నేళ్ళలో ఎవురన్నా కంప్లైంట్ చేసినారా?" మీటింగంతా నిశ్శబ్దం. మామ కూడా తల గోక్కున్నాడు. 204 బ్యాంక్ మేనేజర్ అయితే చేతులెత్తి దండం పెట్టినాడు, తమ్ముడికో స్వామికో తెలీదు.

ఈసారి కాగితంలో 'మనుషులతో సహా కిందికి కూడా' అనే నాలుగు మాటలు కలపమన్నా. దానికి వేరే కొటేషన్ ఇస్తామన్నారు. కొటేషన్ వచ్చేదాకా బీ బ్లాకు వాళ్ళు పైకి బీలో పోతారు, కిందికి రావాలంటే మిద్ది మీదికెక్కి అవతలికి నడిచి ఏలో దిగుతారు. నాలుగో ఫ్లోర్ అవ్వ రోజూ పొద్దున్నే ఆ దారినే పోతాది, పోతా పోతా దారిలో వడియాలు కూడా ఆరేస్తా ఉండాది, నిన్న నన్ను ఆపి "నాయనా, మధ్యలో రొంత నీళ్ళ కుండ పెట్టిస్తే బాగుంటాది, కొండ దారిలో పెడతారే అట్లా" అంది. కుండ ఆర్డర్ ఇచ్చినా.